బీరువాలోంచి తెరమీదికి: యూనివర్సిటీ లైబ్రరీలో డిజిటల్ సేకరణ తయారు చేసే పద్ధతి

పాత తెలుగు పుస్తకం కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో వెతికినవాళ్లకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. పుస్తకం అక్కడ ఉందని ఎవరో చెప్తారు. పేరు తెలుగులో కొడితే రాదు, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా రాదు. ఆఖరికి ఎవరో లింకు పంపిస్తే అప్పుడు తెలుస్తుంది సంగతి. 'ఆంధ్ర' అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, మధ్యలో ఒక కొటేషన్ గుర్తు ఇరికించారు. రచయిత పేరుండాల్సిన చోట 'నాట్ అవైలబుల్' అని ఉంది. ముఖపత్రం తిప్పితే మాత్రం రచయిత పేరు బిరుదులతో సహా పెద్దక్షరాల్లో కనిపిస్తుంది!

అవి చాలామటుకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న మన చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డి గారి చొరవతో, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని తలపెట్టిన పథకంలో అది భాగం. ఆ పనిచేసిన వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు పూనుకోకపోతే ఎన్ని పుస్తకాలు చెదల పాలయ్యేవో. కానీ ఆ అనుభవం నేర్పింది ఒకటుంది: స్కాన్ చేయడంతో పని సగం కూడా కాదు. అడిగినవాడికి అడిగిన పేరుతో దొరికితేనే అది సేకరణ. కింద చెప్పే మెట్లన్నీ ఆ లెక్కనే చూడండి. యూనివర్సిటీ లైబ్రరీని దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ, డిగ్రీ కాలేజీకైనా ఊళ్లో వందేళ్ల గ్రంథాలయానికైనా పనికొస్తుంది.

1. మీ దగ్గర మాత్రమే ఉన్నదేమిటో తేల్చుకోండి

డబ్బు మంజూరైంది అనగానే అందరూ మొదట భారతం, భాగవతం, ప్రబంధాలు బయటికి తీస్తారు. ఆ ముచ్చట మానుకోండి. వావిళ్లవారి ముద్రణలు ఇప్పటికే నాలుగైదు చోట్ల స్కానై ఉన్నాయి. ఇంకో కాపీ వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసే చిట్టా) ముందేసుకుని కూర్చోండి. పక్కన పాత అటెండర్‌ను కూర్చోబెట్టుకోండి. ఏ గదిలో ఏ మూట కట్టి పడేశారో రిజిస్టర్‌కి తెలియదు, ఆయనకి తెలుస్తుంది. వెతకాల్సినవి ఇలాంటివి: యూనివర్సిటీ పెట్టిన తొలి ఏళ్ల కేలండర్లు, స్నాతకోత్సవ ఉపన్యాసాలు, కాలేజీ మ్యాగజైన్లు, హాస్టల్ సంచికలు, సన్మాన సంచికలు, సదస్సుల సావనీర్లు, శోధ్‌గంగ (పరిశోధన గ్రంథాలను నెట్‌లో ఉంచే చోటు) రాకముందు టైపు మిషన్ మీద కొట్టిన థీసిస్‌లు, ఎవరో ప్రొఫెసరు చనిపోయాక ఇంట్లోవాళ్లు తెచ్చిచ్చిన కాగితాల పెట్టె. ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టాయి. అంతటి వయసున్న సంస్థలో ఈ సరుకు గుట్టలుగా ఉంటుంది. తర్వాత పెద్ద రచయితలైన వాళ్ల మొదటి కవిత ఏ కాలేజీ మ్యాగజైన్లో అచ్చయిందో, ఆ సంచిక ఇంకెక్కడా మిగిలి ఉండకపోవచ్చు.

ప్రతి పుస్తకానికీ మూడు చోట్ల వెతకండి: ఇంటర్నెట్ ఆర్కైవ్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, తెలుగు వికీసోర్స్ (వికీపీడియాకు తోబుట్టువైన ఉచిత గ్రంథాలయం). దొరికినంత మాత్రాన వదిలేయకండి, తెరిచి పేజీలు తిప్పి చూడండి. మధ్యలో పేజీలు ఎగిరిపోయినా, పక్క అక్షరాలు కుట్టులోకి పోయినా, బొటనవేలు పడినా మీ కాపీని స్కాన్ చేయడం న్యాయమే. ఈ పరిశీలనకు రెండు నెలలు పడుతుంది. పైవాళ్లు 'ఇంకా స్కానింగ్ మొదలు కాలేదా' అని అడుగుతారు. అడగనివ్వండి.

2. హక్కుల లెక్క కట్టండి

మన దేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత బతికుండగా ప్రచురించిన రచనకు ఆయన చనిపోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. లెక్క తేలికే. గురజాడ పోయింది 1915లో, కందుకూరి 1919లో. వీళ్ల గురించి ఆలోచించనక్కర్లేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, అంటే 2013 డిసెంబరు 31తో గడువు తీరింది. తాపీ ధర్మారావు గారు 1973, కాబట్టి 2033 చివరిదాకా ఆగాలి. చలం 1979, అంటే 2039. శ్రీశ్రీ 1983, అంటే 2043. 'పాత పుస్తకమే కదా' అని 1930ల నాటి అచ్చును నెట్‌లో పెట్టేస్తుంటారు. పుస్తకం వయసు కాదు, రచయిత పోయిన ఏడాది చూడాలి.

చిక్కులు ఇక్కడ మొదలవుతాయి. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి ఏడాది లెక్క. అనువాదానికి అనువాదకుడి హక్కు వేరు, మూల రచయిత వందేళ్ల కిందట పోయినా సరే. ప్రాచీన కావ్యానికి నిన్నమొన్నటి పండితుడు రాసిన వ్యాఖ్యానం, పీఠిక ఆయనవే. పేరు లేకుండా, మారుపేరుతో వచ్చి అసలు మనిషెవరో బయటపడని రచనలకు, రచయిత పోయాక వెలువడిన వాటికి, ప్రచురణ ఏడాది నుంచి 60 ఏళ్లు. పత్రిక అయితే ఒక్కో వ్యాసానికీ ఒక్కో లెక్క. దీనికే ఒక మనిషి కావాలి.

హక్కు ఇంకా ఉన్నవాటిని స్కానే చేయకూడదా? 2012 సవరణలో, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర కాగితం ప్రతి ఉన్న రచనను భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. దాచుకోవడం వేరు, లోకానికంతా తెరవడం వేరు. మీ లైబ్రరీ ఆ మాట కిందికి వస్తుందా అన్నది యూనివర్సిటీ న్యాయ సలహాదారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఆ కాగితం ఫైల్లో ఉంటే తర్వాత వచ్చే రిజిస్ట్రారు ఎవరైనా మీకు నిద్ర పడుతుంది.

మధ్యే మార్గం ఒకటుంది: వారసులకు ఉత్తరం రాయడం. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. 'మా నాన్నగారి పుస్తకం మీ దగ్గరుందా, మా దగ్గరే లేదు' అని ఎదురు అడిగినవాళ్లనూ చూశాను. నోటిమాట మీద మాత్రం పోవద్దు. ఒక పేజీ అంగీకారపత్రం మీద సంతకం తీసుకోండి.

3. పుస్తకం ఒంట్లో ఎలా ఉందో చూడండి

1890ల తర్వాత వచ్చిన మన పుస్తకాలు చాలావరకు కలపగుజ్జు కాగితం మీద అచ్చయ్యాయి. దానికి పటిక కలిపిన పూత వేసేవాళ్లు. ఆ ఆమ్లమే దశాబ్దాల తరబడి కాగితాన్ని లోపలినుంచి కాల్చుతుంది. అంచులు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి. చిత్రమేమిటంటే, అంతకు ముందు నాటి గుడ్డపీలికల కాగితం ఇంకా మెత్తగా, గట్టిగా ఉంటుంది.

పుస్తకాలను మూడు గుట్టలు చేయండి: గట్టివి, జాగ్రత్తగా తిప్పాల్సినవి, అసలు తెరవకూడనివి. మూడో గుట్ట సంగతి పరిరక్షణ తెలిసినవాళ్లు చూసుకుంటారు. మెత్తటి బ్రష్షుతో కుట్టు నుంచి బయటికి దుమ్ము దులపండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించారో, పదేళ్లకి ఆ జిగురు అక్షరాలను పసుపు మరకలో ముంచేస్తుంది. తాళపత్రాలు ఉంటే ఈ పనిలో కలపకండి. ఆకు శుభ్రం చేయడం, నిమ్మగడ్డి నూనె పట్టించడం, గీతలోకి మసి ఎక్కించడం వేరే విద్య. ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోనో, తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనో తెలిసినవాళ్లను అడగండి.

4. స్కానింగ్

దీన్ని గురించి అవసరానికి మించి మాట్లాడుకుంటారు. పైనుంచి ఫొటో తీసే స్కానరు, పుస్తకాన్ని సగమే తెరిచి ఆనించే 'వి' ఆకారపు ఊయల, వేడి పుట్టని దీపాలు ఉంటే చాలు. బోర్లా వేసి నొక్కే స్కానరు వద్దు. వేగంగా అవుతుందని కుట్టు కోసి ఫీడర్లో పెట్టే ఏజెన్సీలు ఉన్నాయి. టెండరులోనే 'బైండింగు కోయరాదు' అని రాయండి.

400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగుల్లో, టిఫ్ (నాణ్యత తగ్గించని బొమ్మ ఫైలు) రూపంలో మూలప్రతి దాచండి. నలుపు తెలుపులో తీస్తే ఫైలు చిన్నదవుతుంది గానీ, పాతకాగితం మచ్చల్లో అరసున్నలు, పొల్లులు కలిసిపోతాయి. తర్వాత బాధపడతారు. చోటు లెక్క ఇదీ: ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు ఉన్న పేజీ దాదాపు 22 ఎంబీ వస్తుంది. 250 పేజీల పుస్తకం ఐదున్నర జీబీ పైచిలుకు. అలాంటివి వెయ్యి పుస్తకాలైతే ఐదున్నర టీబీ. దీనికి రెట్టింపు కాదు, మూడు రెట్లు డిస్కులు కొనాలి. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెప్తాను.

అట్టలు, ఖాళీ పేజీలు, ప్రకటనలు, వెనకట్ట మీది పుస్తకాల జాబితా అన్నీ తీయండి. లోపలి అట్ట మీద ఎవరో రాసుకున్న 'ఫలానావారి కుమార్తె వివాహ సందర్భమున బహూకరణ' అన్న సంతకం కూడా. వెల 'పన్నెండణాలు' అన్న చోట మరక ఉంటే దాన్ని సాఫ్ట్‌వేరుతో తుడవకండి. పీడీఎఫ్ ప్రతిలో ఎంత శుభ్రం చేసుకున్నా పరవాలేదు, మూలప్రతి ఎలా ఉన్నది అలాగే ఉండాలి.

పేజీలు సరిచూసే మనిషి, స్కాన్ చేసిన మనిషి ఒకరే కాకూడదు. ఇది చిన్నమాటలా ఉంటుంది. పేజీలు ఎగిరిపోవడానికి కారణం తొంభై పాళ్లు ఇదేనని నా అనుభవం.

5. ఫైలు పేర్లు

నేను చేరిన కొత్తలో మా లైబ్రరీలో ఒక ఏడాది స్కాన్ల పేర్లు 'న్యూ', 'న్యూ రెండు', 'ఫైనల్', 'ఫైనల్ కరెక్ట్' అని ఉండేవి. విడదీయడానికి ఎనిమిది నెలలు పట్టింది. పేరులో పుస్తకం పేరు పెట్టకండి. భాషకు మూడక్షరాలు, యాక్సెషన్ నంబరు, నాలుగంకెల పేజీ వరస, అంతే. ఇంగ్లిష్ చిన్నక్షరాలు, అంకెలు వాడండి. ఖాళీలు వద్దు. కంప్యూటరు 10ని 2 కంటే ముందు పెడుతుంది కాబట్టి 0002 అని సున్నాలతో రాయండి.

6. వివరాల పట్టిక: అసలు పని ఇది

డబ్లిన్ కోర్ అనే పద్ధతిలో పదిహేను గడులుంటాయి: శీర్షిక, కర్త, ప్రచురణకర్త, తేదీ, భాష, హక్కులు వగైరా. ఆ పదిహేనూ ఇంగ్లిష్ పుస్తకానికి అరగంటలో నిండుతాయి. తెలుగు పుస్తకానికి ఒక్కోసారి పూట పడుతుంది.

శీర్షిక. ముఖపత్రం మీద ఎలా ఉందో అలాగే తెలుగు లిపిలో ఎక్కించండి. 'చరిత్రము' అని ఉంటే 'చరిత్రము' అనే. ప్రత్యామ్నాయ శీర్షిక గడిలో ఇప్పటి రూపం 'చరిత్ర', మూడోసారి ఇంగ్లిష్ లిపిలో మామూలు మనుషులు కొట్టే స్పెల్లింగు. పండితులు వాడే చుక్కలూ గీతలూ ఉన్న లిప్యంతరీకరణ కావాలంటే నాలుగోదిగా పెట్టండి, కానీ అది ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోవద్దు. మన వాడు 'వేంకట' అని వెతకడు, 'వెంకట' అని వెతుకుతాడు. ఇంకో కంటికి కనిపించని తంటా ఉంది: 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. అది ఉన్న రూపం, లేని రూపం కంప్యూటరుకి రెండు వేర్వేరు మాటలు. వెతికే పెట్టె ఆ అక్షరాన్ని పట్టించుకోకుండా ఉండేలా సాంకేతిక సిబ్బందితో చేయించండి.

కర్త. ఇంగ్లిష్ కేటలాగు పద్ధతి పుణ్యమా అని మన రచయితల్లో ఎందరో 'రావు' అనే ఒకే ఇంటికి చేరిపోయారు. చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోవడం వల్ల వచ్చిన అనర్థం. మీ పట్టికలో ఇంటిపేరు ముందు పెట్టండి, పొడి అక్షరాలు విప్పి రాయండి. కలంపేర్లకు దారి చూపించండి: ఆరుద్ర అని వెతికినా భాగవతుల సదాశివశంకరశాస్త్రి అని వెతికినా ఒకే చోటికి చేరాలి. బుచ్చిబాబు అన్నా శివరాజు వెంకట సుబ్బారావు అన్నా అంతే. అచ్చమాంబ గారి ఇంటిపేరు 'భండారు' అనీ 'బండారు' అనీ రెండు రకాలా కనబడుతుంది. రెండూ ఉండాలి. ఇందుకు విడిగా ఒక పేర్ల పట్టిక నడపండి. ఒక్కో మనిషికి ఒక్క నంబరు, దానికింద అన్ని రూపాలు, పుట్టిన, పోయిన సంవత్సరాలు. ఈ సంవత్సరాలే రెండో మెట్టులో హక్కుల లెక్కకు కూడా పనికొస్తాయి. వికీడేటా అనే ఉమ్మడి సమాచార పట్టికలోని నంబరు కూడా చేరిస్తే ఇతర గ్రంథాలయాలతో ముడిపడుతుంది.

తేదీ. నాకు ఇష్టమైన గడి. పాత పుస్తకాల మీద ఎన్నోసార్లు క్రీస్తు శకమే ఉండదు. శాలివాహన శకం ఉంటే 78 కలపండి: 1836 అంటే 1914. ఉత్త 'ఆనంద నామ సంవత్సరం' అని ఉంటే అది 1854లోనూ 1914లోనూ 1974లోనూ మొదలైంది. ప్రెస్సు పేరు, వెల అణాల్లో ఉందా నయాపైసల్లో ఉందా అన్నది చూసి ఆ మూడింట్లో ఒకటి తేల్చుకోవాలి. నయాపైసలు వచ్చింది 1957లో. నెల కూడా చూడాలి. ఉగాదితో మొదలైన ఆనంద 1915 ఉగాది దాకా నడుస్తుంది, కాబట్టి 'ఆనంద మాఘము' అంటే 1914 కాదు, 1915. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీరు లెక్కకట్టింది చతురస్ర బ్రాకెట్లలో మరో గడిలో. ఊహ అయితే ఊహ అని చెప్పండి.

ఊరు. చెన్నపురి, చెన్నపట్నం, మదరాసు, చెన్నై అన్నీ ఒకటే. బెజవాడ, విజయవాడ. బందరు, మచిలీపట్నం. ఓరుగల్లు, వరంగల్లు. వీటికీ పేర్ల పట్టిక లాంటిదే ఒకటి.

విషయం. అనుమానం ఉంటే ఎక్కువే రాయండి. పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827. ఆ నంబరు వేసి ఊరుకుంటే నాటకమూ, శతకమూ, హరికథా ఒకే గుంపులో పడతాయి. బుర్రకథను బుర్రకథ అనే రాయండి. పత్రికలకైతే సంచిక స్థాయిలో ఆగకండి. విషయసూచికలోని ప్రతి వ్యాసం పేరు, రాసినవారి పేరు టైపు చేయించండి. తెలుగు ఎంఏ విద్యార్థులకు సెలవుల్లో ఇంత అని ఇచ్చి చేయిస్తే శ్రద్ధగా చేస్తారు. వాళ్లకూ పాత పత్రికల రుచి తెలుస్తుంది.

7. అక్షరాలు చదివించడం

పేజీ బొమ్మలోంచి అక్షరాలను పిండే ఓసీఆర్‌కు ఇప్పుడు ఖర్చు లేదు. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకి తెలుగు వచ్చు. గూగుల్‌ ఓసీఆర్ ఇంకాస్త మెరుగు. తెలుగు వికీసోర్స్ వాళ్లు దాన్ని వాడతారు. ఇటీవలి అచ్చుకు బాగానే పనిచేస్తాయి. 1920ల నాటి అచ్చుకు వచ్చేసరికి ద, ధ, థ కలగలుస్తాయి. అరసున్న మచ్చయిపోతుంది. వలపల గిలకను (పాత అచ్చులో అక్షరం పక్కన వేసే ర-పొల్లు గుర్తు) తెలుగు తొమ్మిది అంకెగా చదివేస్తుంది, 'సూర్యుడు' వెతికితే సూర్యుడు ఉండడు.

అందుకని ముందు పది పుస్తకాల నుంచి తలో రెండు పేజీలు చదివించి, తప్పులు చేత్తో లెక్కపెట్టండి. నూటికి ఐదారు అక్షరాలు తప్పితే వెతకడానికి చాలు, చదవడానికి చాలదు. అలాంటప్పుడు ఆ పాఠాన్ని బొమ్మ వెనక దాచి వెతుకులాటకు మాత్రమే వాడండి. దాన్నే 'యూనికోడ్ పాఠం' అని గొప్పగా ప్రకటించకండి. రేపు ఎవరో ఆ తప్పుల్నే ఉటంకిస్తారు.

8. ఎక్కడ పెట్టాలి

డీస్పేస్ చాలు. ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేరు, శోధ్‌గంగ నడిచేది దాని మీదే. తెలిసినవాళ్లు దొరుకుతారు. ఏదో కంపెనీ సొంత సాఫ్ట్‌వేరు చూపించి మెరిసే పేజీలు తిప్పితే ఒక్క ప్రశ్న అడగండి: 'మీతో ఒప్పందం ముగిశాక మా వివరాలన్నీ మొత్తంగా బయటికి తీసి ఇస్తారా?' తటపటాయిస్తే టీ ఇచ్చి పంపించేయండి. ప్రతి పుస్తకానికీ ఎన్నటికీ మారని లింకు ఇప్పించండి, వివరాలను ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ తీసుకునేలా తలుపు తెరిచి ఉంచండి.

9. దాచడం

మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే అంకె) తీసి పెట్టుకుని ఆరు నెలలకోసారి సరిచూడండి. బయటి హార్డ్ డిస్కుల్లో పెట్టి బీరువాలో తాళం వేసి 'భద్రంగా ఉంది' అనుకునేవాళ్లున్నారు. తిప్పని డిస్కు మొరాయిస్తుంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలియదు.

10. తెరిచాక

ప్రారంభోత్సవం నాడు చేయాల్సింది పెద్దగా లేదు, వైస్‌ఛాన్సలర్ గారి చేత ఒక మీట నొక్కించడం తప్ప. మర్నాటి నుంచి పని. ప్రతి పుస్తకం పేజీ కింద 'తప్పు చెప్పండి' అన్న ఒక పెట్టె పెట్టండి. రిటైరైన తెలుగు మాస్టార్ల కంటే శ్రద్ధగా మీ కేటలాగు చదివేవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లు ఉత్తరం రాస్తే వారంలోగా దిద్ది, దిద్దామని జవాబివ్వండి.

నెలకోసారి ఇంకొకటి చేయండి. వెతికితే ఏమీ దొరకని మాటల చిట్టా సర్వరు నుంచి తీయించి ముందు పెట్టుకోండి. నేను మొదటిసారి తీయించినప్పుడు అందులో 'బెజవాడ' ఉంది, 'జానపద గేయాలు' ఉంది, ఒక కవి పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంది. పుస్తకాలన్నీ మా దగ్గర ఉన్నవే. మేం విజయవాడ అనీ, 'పల్లె పదములు' అనీ ఎక్కించాం. ఆ మధ్యాహ్నం కూర్చుని ముప్పయి రికార్డులు దిద్దాం. తర్వాతి నెల చిట్టాలో మళ్లీ కొత్తవి వచ్చాయి.